కనిపించని చుట్టం

"ఇందులో చేపలేవండీ?"

మా ఇంటికి వచ్చినవాళ్ళు కాఫీ గ్లాసు చేతికి తీసుకుంటూ మొట్టమొదట అడిగే ప్రశ్న ఇది. అడగరూ మరి! హాల్లో కిటికీ లేని గోడవార, నడుమెత్తు బల్లమీద, మూడడుగుల అద్దాల తొట్టె. అందులో నీళ్ళు. నీళ్ళలో ఇసుక, పెద్ద రాళ్ళు నాలుగు, చిన్నవి ఓ డజను. పైన నీలమూ తెలుపూ కలిసిన దీపం. ఓ మూల పంపు సన్నగా గుయ్యిమంటూ ఉంటుంది. ఇంత ఆర్భాటమూ చూసి, కళ్ళు చికిలించి వెతికి, ఏమీ కనబడక, మర్యాదస్థులు గనక నా ముఖం చూస్తారు.

"ఉందండీ, ఒకటి" అంటాను.

"ఏదీ?"

"లోపలికి వెళ్ళింది."

కొత్తకోడలు వంటింట్లోకి వెళ్ళిందని చెప్పినట్టు చెబుతాను. వాళ్ళు నవ్వి ఊరుకుంటారు. కొందరు నవ్వకుండా ఊరుకుంటారు. వాళ్ళ సంగతే నాకు బెంగ.

ఆ చేప పేరు ఫైర్‌ఫిష్. తెలుగులో దానికి పేరు లేదు. తెలుగు చెప్పుకుని బతికేదాన్ని కాబట్టి నాకిది కొంచెం నామోషీగా తోచి, 'అగ్నిమీనం' అని ఒక పేరు, 'నిప్పుతోక' అని మరో పేరు తయారుచేశాను. మొదటిది విని మావారు, "అది చేప పేరులా లేదు, క్షిపణి పేరులా ఉంది" అన్నారు. రెండోది మా అత్తయ్యగారికి నచ్చింది గాని, ఆవిడ దాన్ని పిలవడం మాత్రం "ఆ పిల్ల" అనే. శాస్త్రజ్ఞుల లెక్కలో దాని పేరు నెమటిలియోట్రిస్ మాగ్నిఫికా. 1938లో ఫౌలర్ అనే అమెరికను పండితుడు పెట్టాడు. గ్రీకులో నెమా అంటే దారం. లాటిన్‌లో మాగ్నిఫికా అంటే వైభవం గలది. వీపుమీద మొదటి రెక్క ముల్లు సన్నగా, పొడుగ్గా, జెండాకర్రలా లేచి ఉంటుంది. దారం అన్నది దాన్ని చూసి. ఆ ముల్లును అస్తమానం ఎత్తుతూ దించుతూ ఉంటుంది. తోటివాటికి అది సంకేతమని పరిశీలించినవాళ్ళు చెబుతారు. మా ఇంట్లో తోటివి లేవు. అయినా ఎత్తుతూనే ఉంటుంది.

ఇక రంగుల మాట. మూతి పసుపు. ముందు సగం వెన్నలాంటి తెలుపు. నడుము దాటాక నారింజ, ఆ తరువాత ఎరుపు, తోక చివరకు వచ్చేసరికి ఆరిపోబోయే నిప్పులోని నలుపెరుపు. ఎంత పెరిగినా మూడున్నర అంగుళాలు మించదు. ఆఫ్రికా తూర్పుతీరం నుంచి పసిఫిక్‌లో హవాయి దాకా పగడపు దిబ్బల అంచున దీని కాపురం. రాళ్ళ సందున ఒక బొరియ చూసుకుంటుంది. ఆ బొరియమీద కొద్ది ఎత్తులో, ప్రవాహానికి ఎదురుగా ముఖం పెట్టి, నీళ్ళలో నిలబడుతుంది. ఈదదు, నిలబడుతుంది. కొట్టుకొచ్చే సూక్ష్మప్రాణుల్ని ఒక్కొక్కటే అందుకుని తింటుంది. మీద నీడ పడిందా, రెప్పపాటులో బొరియలో ఉంటుంది.

అమ్మేవాళ్ళూ పెంచేవాళ్ళూ అందరూ దీన్ని "సిగ్గరి చేప" అంటారు. నేనూ కొన్నాళ్ళు అలాగే అన్నాను. అది తప్పని తెలియడానికి నాకు ఒక ప్రాణం ఖర్చయింది. ఆ సంగతే ఈ వారం చెప్పబోతున్నాను.

ఆ తొట్టె మేము కొన్నది కాదు. మాది విశాఖపట్నం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను మా ఊరిమీద విరుచుకుపడ్డాక చాలా పేటల్లో రోజుల తరబడి కరెంటు లేదు. మా పక్కింటివారికి అప్పటికి సముద్రపు చేపల సరదా ఉండేది. కరెంటు పోతే పంపు ఆగుతుంది, పంపు ఆగితే నీళ్ళలో ప్రాణవాయువు తగ్గుతుంది. ఇంటి పైకప్పులు ఎగిరిపోయిన ఊళ్ళో చేపల్ని తలుచుకునేవాళ్ళెవరు? వారి చేపలన్నీ పోయాయి. తొట్టెను కడిగి అటకెక్కించారు. కొన్నేళ్ళకు వారు ఊరు మారుతూ, "పారేయలేకపోతున్నానమ్మా, మీరు మొక్కలైనా పెట్టుకోండి" అని ఇచ్చి వెళ్ళారు. మొక్కలు పెట్టి ఉంటే ఈ కథ లేదు. మా అబ్బాయి అప్పుడు పదో తరగతి. వాడే సముద్రపు చేపలు అన్నాడు. వాడన్నాడు గాని, వాడికిప్పుడు హాస్టలు. తొట్టె నా మెడకు చుట్టుకుంది. ఇళ్ళల్లో ఇలాంటివి మామూలే గదా.

ఉప్పునీటి తొట్టె అంటే గిన్నెలో నీళ్ళు పోసి ఎర్రచేపను వదలడం కాదని నాకు ముందు తెలియదు. మా డాబా ఎక్కితే సముద్రం కనిపిస్తుంది. అలాంటి ఇంటికి నేను ఆటోలో ఉప్పు బస్తా తెచ్చుకున్నాను! అత్తయ్యగారు గుమ్మంలో నిలబడి, "సముద్రం ఒడ్డున కాపురం ఉంటూ ఉప్పునీళ్ళు కొనుక్కున్నది నువ్వే తల్లీ" అన్నారు. నిజమే. కాని నౌకలు తిరిగే రేవున్న ఊళ్ళో ఒడ్డునీటిలో మురుగూ, నూనే ఏ పాళ్ళలో ఉంటాయో ఎవరు చెప్పగలరు? పోనీ వంటింటి ఉప్పు వేద్దామా అంటే అది చాలదు. సముద్రపు ఉప్పులో సోడియమూ క్లోరైడూ కలిసి నూటికి 85 పాళ్ళు దాకా ఉంటాయి. మిగిలినదాంట్లో మెగ్నీషియం, కాల్షియం, పొటాషియం, ఇంకా సల్ఫేటు. అవి లేకుంటే అది ఉప్పునీరే గాని సముద్రం కాదు. అందుకని అన్నీ కలిపి అమ్మే ఉప్పు. లీటరు నీటికి 35 గ్రాములు చొప్పున, మా 100 లీటర్ల తొట్టెకు మూడున్నర కిలోలు. తూకం చూడడానికి ఒక గాజుగొట్టం ఉంటుంది, పాలు పరీక్ష చేసే లాక్టోమీటరుకు చెల్లెలన్నమాట. అది 1.025 దగ్గర నిలిస్తే సముద్రంతో సమానం. నీరు ఆవిరైపోతుంది, ఉప్పు ఆవిరి కాదు. కాబట్టి తగ్గిన నీటికి మంచినీళ్ళే పోయాలి. ఇది తెలియక మొదట్లో నేను ఉప్పునీళ్ళే పోస్తూ వచ్చి, పదిరోజుల్లో ఆ తొట్టెను ఊరగాయ జాడీ చేశాను. అదృష్టం, అప్పటికి అందులో చేప లేదు.

చేప ఎందుకు లేదంటే, నీళ్ళు పోసిన వెంటనే చేపను వేయకూడదు. తిండి మిగులూ, చేప విసర్జించినదీ కుళ్ళి అమోనియా పుడుతుంది. అది చేపకు విషం. ఒక రకం సూక్ష్మజీవులు దాన్ని నైట్రైట్‌గా మారుస్తాయి, అదీ విషమే. మరో రకం వచ్చి దాన్ని నైట్రేటుగా మారుస్తాయి. అది చాలావరకు సహించగలిగినది. ఈ రెండు రకాలవాళ్ళూ రాళ్ళమీదా ఇసుకలోనూ కాపురాలు పెట్టి నిలదొక్కుకునేసరికి నెల, నెలన్నర పడుతుంది. మా రాళ్ళు మట్టితో కాల్చి చేసినవి. అసలు పగడపు రాళ్ళు అందంగా ఉంటాయంటారు. కాని పగడాలను మన దేశంలో 2001లో వన్యప్రాణి రక్షణ చట్టం కిందికి తెచ్చారు. ఎవరో చాటుగా ఇస్తామన్నా తీసుకోకండి.

ఆ ఆరు వారాలూ నేను ఉత్త నీళ్ళకు దీపం వెలిగించి, ఉత్త రాళ్ళకు చిటికెడు మేత వేసి, రంగుల సీసాల్లో నీళ్ళు పరీక్ష చేస్తూ కూర్చున్నాను. అత్తయ్యగారు అది వ్రతమా అని అడిగారు.

తరువాత చేప వచ్చింది. మొదటిది.

దుకాణంలో దాన్ని చూసి అబ్బాయీ నేనూ ఇద్దరం మాట్లాడలేదు. అంత బాగుంది. ఎక్కడినుంచి వచ్చిందయ్యా అంటే, ఆ దుకాణం కుర్రవాడు "ఫ్లైటులో అండీ" అన్నాడు. ఇంటికి తెచ్చి, సంచీని నీళ్ళమీద తేలనిచ్చి, వేడి సమమయ్యాక, మా తొట్టె నీళ్ళు కొంచెం కొంచెం సంచీలో కలుపుతూ, గంటసేపటికి వదిలాము. వదిలీ వదలగానే రాళ్ళ సందులోకి దూరింది. మూడోనాడు సగం బయటికి వచ్చింది. వారానికి రాతిమీద నిలబడి ముల్లు ఎత్తింది.

ఇక నా సంబరం చూడండి. కాలేజీలో చెప్పాను. బంధువులకు చెప్పాను. వచ్చినవాళ్ళకల్లా చూపించాను. చూపిద్దామంటే అది లోపలికి పోయేది. పోతే నేను ఏం చేశాననుకున్నారు? వేలి కణుపుతో అద్దంమీద కొట్టాను. బడిపిల్లల్ని నిద్రలేపినట్టు! ఒకసారి వస్తే, రెండుసార్లు రాకపోయేది. పిల్లలు వస్తే వాళ్ళూ కొట్టేవారు. "ఎంత సిగ్గో!" అని అందరూ మురిసిపోయేవారు. ప్రబంధనాయికల సిగ్గును గురించి ఇరవై ఏళ్ళుగా పాఠం చెబుతున్నదాన్ని, ఆ మాట విని నేనూ మురిసిపోయేదాన్ని.

సిగ్గు అనేది చూసేవాళ్ళు ఉన్నారని తెలిసి పడేది. బెదురు వేరు. తినేవాళ్ళు ఉన్నారని తెలిసి పడేది. మన భాషలో ఈ రెంటికీ రెండు మాటలున్నాయి, నేనే చూసుకోలేదు.

ఒక ఆదివారం మా ఆడపడుచు పిల్లలు నలుగురు వచ్చి సాయంత్రందాకా గడిపారు. ఆ రాత్రి మేత వేశాక పైమూతను బెత్తెడంత తెరిచి ఉంచాను. ఉక్కగా ఉంది, నీళ్ళు చల్లబడతాయని. తెల్లవారి పనమ్మాయి హాలు ఊడుస్తూ, "అమ్మా, ఎండుమిరపకాయలు డబ్బాలో పెట్టుకోరా, ఇక్కడిదాకా వచ్చాయి" అంది. నేను వంటింట్లోంచే "సరేలే" అన్నాను. ఒక్క నిమిషం పట్టింది నాకు. పరుగెత్తి వెళ్ళి చూస్తే చేటలో ఉంది. ఎర్రగా, వంకరగా, నిజంగానే ఎండుమిరపకాయలా.

ఈ జాతి చేపలు బెదిరితే బొరియలోకి దూకుతాయి. బొరియ అందకపోతే పైకి దూకుతాయి. సముద్రంలో పైకి దూకితే పైన ఇంకా సముద్రమే ఉంటుంది. మా ఇంట్లో హాలు ఉంది. ఈ చేపను పెంచేవాళ్ళందరికీ తెలిసిన సంగతే ఇది. మూత లేని తొట్టెలో దీన్ని ఉంచకూడదని చేపల పుస్తకాలన్నీ చెబుతాయి. నేను చదివాను కూడా. చదివిన మనిషే మూత తెరిచింది.

అబ్బాయి ఏమీ అనలేదు. పెరట్లో కరివేపచెట్టు మొదట్లో గొయ్యి తీసి పూడ్చాడు. అన్నం దగ్గర కూర్చున్నప్పుడు మాత్రం, "నువ్వు కొట్టకుండా ఉండవలసింది అమ్మా" అన్నాడు. మూత మాట ఎత్తలేదు వాడు. మూత పొరపాటు. కొట్టడం పొరపాటు కాదు, సరదా. వాడు ఆ రెంటినీ విడదీశాడు.

నాలుగు నెలలు తొట్టె అలాగే ఉంది. నేను కాలేజీ లైబ్రరీలో ఈ సరదా ఎక్కడ పుట్టిందో వెతుక్కుంటూ కూర్చున్నాను. 1853లో లండను జంతుప్రదర్శనశాలలో చేపల ఇల్లు తెరిచారు. దానికి ఊతమిచ్చినవాడు ఫిలిప్ గాస్ అనే ప్రకృతి శాస్త్రజ్ఞుడు. మరుసటి సంవత్సరం 'ది ఆక్వేరియం' అనే పుస్తకం వేశాడు. అది చదివి ఇంగ్లండులో దొరలూ దొరసానులూ బుట్టలూ వలలూ పట్టుకుని రేవులమీద పడ్డారు. రాతిగుంటలన్నీ ఊడ్చుకుపోయారు. ఆయన కొడుకు ఎడ్మండ్ 1907లో తండ్రిని గురించి రాసిన పుస్తకంలో ఈ సంగతి చెబుతాడు. తన చిన్నతనంలో చూసిన ఆ గుంటలను ఇక ఎవరూ చూడలేరని, తన పుస్తకమే ఇంత పని చేసిందని తండ్రి కుమిలిపోయాడని. ఆ కథ పాతబడలేదు. 1960 దశకంలో ఫిలిప్పీన్స్‌లో ఈ రంగుచేపల కోసమే దిబ్బలమీద సైనైడు చల్లి, మత్తెక్కినవాటిని ఏరుకోవడం మొదలుపెట్టారు. అలా పట్టిన చేప పైకి బాగానే ఉండి, కొన్ని వారాల్లో పోవచ్చు. చుట్టుపక్కల పగడాలూ చస్తాయి. "ఫ్లైటులో అండీ" అన్న కుర్రవాడి మాట నాకు అప్పుడు మళ్ళీ వినిపించింది.

మావారు బ్యాంకు మనిషి. లెక్క చూసి మాట్లాడతారు. "క్లౌన్ చేపలు హేచరీల్లో పుడుతున్నాయట. మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థవాళ్ళే ఆ పద్ధతి సాధించారట. సముద్రంలో ఒకటి తగ్గకుండా ఇంట్లో ఒకటి ఉంటుంది. అది తెచ్చుకో" అన్నారు. దానికి జవాబు లేదు. ఫైర్‌ఫిష్‌లో అమ్మకానికి వచ్చేవి చాలామటుకు సముద్రంలో పట్టినవే. ఇప్పుడు ఎవరైనా నన్ను అడిగితే నేనూ క్లౌన్ చేపనే చెబుతాను. అయినా నేను తెచ్చింది మళ్ళీ ఫైర్‌ఫిష్‌నే. ఎందుకంటే చెప్పడం కష్టం. పాఠం తప్పు చెప్పిన తరగతికే మళ్ళీ వెళ్ళి సరిగ్గా చెప్పాలనిపించింది. ఇది ఆ చేపకు సంబంధించిన కారణం కాదు, నాకు సంబంధించినదే. దాచడమెందుకు!

ఈసారి బయానా ఇచ్చి, రెండు వారాలు దుకాణంలోనే ఉంచమన్నాను. రెండు వారాల తరువాత వెళ్ళి, నా ఎదుట మేత వేయించి, తింటుంటే చూసి తెచ్చాను. అంతకుముందే ఇంట్లో ఏర్పాట్లు చేశాను. మూత చుట్టూ చట్రం బిగించి సన్నకంత వల వేయించాను, చిటికెనవేలు కూడా దూరదు. పెద్దరాళ్ళ కింద చెయ్యి పొడుగు ప్లాస్టిక్ గొట్టపు ముక్కలు రెండు పెట్టి, రెండు వైపులా వాకిళ్ళు ఉంచాను. దీని మీదికి వచ్చే చేప మరొకటి వేయలేదు. ఇదే జాతిది రెండోది కూడా వేయలేదు. జంట కుదరనివి రెండుంటే ఒకదాన్ని ఒకటి బతకనివ్వవు. బ్యాటరీతో నడిచే గాలిపంపు ఒకటి కొని పక్కన ఉంచాను. వేసవిలో నీళ్ళమీద చిన్న ఫ్యాను. మా ఊరి తేమగాలిలో అది చేయగలిగింది కొంచెమే, ఆ కొంచెమూ అవసరమే. అద్దంమీద ఎవరూ చెయ్యి వేయకూడదని ఇంట్లో శాసనం.

వదిలాను. పోయింది. పదకొండు రోజులు కనబడలేదు.

ఆ పదకొండు రోజులూ రాళ్ళు ఎత్తి చూడాలని నా చేతులు ఎంత లాగాయో చెప్పలేను. రోజుకు రెండుసార్లు ఆర్టీమియా అనే చిన్నరొయ్యల మేతను చుక్కల గొట్టంతో గొట్టం వాకిట్లో వదిలేదాన్ని. వదిలి వచ్చేసేదాన్ని. తిందో లేదో తెలియదు. నీళ్ళలో అమోనియా చూస్తే లేదు, అంటే చచ్చిపోయి కుళ్ళడం లేదన్నమాట. నా ధైర్యమంతా ఆ సీసాలోని పసుపురంగే.

పన్నెండోనాడు తెల్లవారుజామున పరీక్షపేపర్లు దిద్దుతున్నాను. తొట్టె నా కుడిచేతి వైపు. బల్లదీపం తప్ప మరేమీ వెలిగించలేదు. ఒక కుర్రవాడు అలంకారం అడిగితే ఛందస్సు రాశాడు. వాడికి మార్కు వేయాలా వద్దా అని కలం ఎత్తి ఆగాను. కంటికొసన ఎర్రగా ఏదో నిలబడి ఉంది. తల తిప్పాను. లేదు.

మర్నాడు తల తిప్పలేదు. కలం ఆపలేదు. పేపరుమీద గీతలు గీస్తూ, కంటికొసతోనే చూశాను. గొట్టం వాకిట్లోంచి ముందు పసుపు మూతి, తరువాత తెలుపు, చాలాసేపటికి ఎరుపు. పంపు విసిరే నీటికి ఎదురుగా ముఖం పెట్టి నిలబడింది. ముల్లు ఎత్తింది. దించింది. నేను ఆ రోజు పన్నెండు పేపర్లకు బదులు నాలుగే దిద్దాను.

తెల్లవారుజామున హాల్లో అత్తయ్యగారు కూడా ఉంటారు, పడకకుర్చీలో జపం చేసుకుంటూ. ఆవిడ కదలరు. కొన్నాళ్ళకు ఆవిడ ఎదురుగా అది గంటసేపు నిలబడడం మొదలుపెట్టింది. నేను కుర్చీ జరిపితే పోతుంది. ఆవిడ పూసలు జరిపితే పోదు. "నాకేం పని దానితో? దాని పని అది చూసుకుంటుంది, నా పని నేను చూసుకుంటాను" అంటారు ఆవిడ. ఉప్పు బస్తాను చూసి నవ్విన మనిషే ఇప్పుడు కరెంటు పోతే అందరికంటె ముందు లేచి బ్యాటరీ పంపు మీట నొక్కుతున్నారు.

వచ్చినవాళ్ళకు మాత్రం అది కనబడదు. మా స్టాఫ్ రూములో నా తొట్టెలో చేపే లేదని ఒక మాట పుట్టి చాలాకాలమైంది. కరెంటు ఖర్చు పెట్టుకుని రాళ్ళను పెంచుతున్నానట. మొదట్లో వాదించాను. ఫోటో తీసి చూపిద్దామని ఫోను పైకెత్తితే, ఎత్తేసరికి అది ఉండదు. నా ఫోనులో రాళ్ళ ఫోటోలు నలభై ఉన్నాయి. మొన్న మా విభాగాధిపతిగారు సకుటుంబంగా వచ్చి, తొట్టె ముందు చాలాసేపు నిలబడి, "చాలా బాగుందమ్మా, ఇసుక" అన్నారు.

కాఫీ ఇచ్చాను. మార్చి పేపర్లు వచ్చే వారం ఇంటికి వస్తాయి. బల్లను రెండంగుళాలు ఎడమకు జరిపి వేసుకున్నాను.